కొస మెత్తగా, నడుము గట్టిగా: ఫినెస్ రాడ్డు కొనే ముందు

మొన్న పాతపట్నం నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ‘అన్నయ్యా, బాస్ చేపల వీడియోల్లో ఫినెస్ రాడ్డు అని చూపిస్తున్నారు కదా, అల్ట్రాలైట్ ఒకటి ఆర్డర్ పెట్టేస్తున్నాను, ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదంట కదా’ అన్నాడు. ఆపరా బాబూ, రేపటిదాకా ఆగు అన్నాను. సరిగ్గా ఆ మాటే నమ్మి నేను ఒక చలికాలం మొత్తం చేపల్ని ఒడ్డుదాకా తెచ్చి వదులుకున్నాను. ఫోన్లో పది నిమిషాలు చెప్పినా వాడికి సగమే అర్థమైంది, మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు లూర్లతో, అంటే ఉత్తుత్తి ఎరలతో చేపలు పట్టే మన కుర్రాళ్లు ఇప్పుడు బాగానే పెరిగారు, వాళ్లకూ పనికొస్తుంది.

ముందు ఫినెస్ అంటే ఏమిటో. చిన్న ఎర, సన్నని దారం, సన్నని తీగతో చేసిన గాలం, నెమ్మదిగా కదిలించడం. అంతే. మన భాషలో చెప్పాలంటే సుతారంగా పట్టడం. ఇది పుట్టింది బాస్ అనే అమెరికా మంచినీటి వేటచేప కోసం. అమెరికాలో చెరువుల మీద ఆదివారం వస్తే పడవలే పడవలు, చేపలు పెద్ద పెద్ద లూర్లను చూసి చూసి విసిగిపోయి ఉంటాయి, నీళ్లు చల్లగా తేటగా ఉన్నప్పుడు అసలు కదలవు. అలాంటి చేప ముందు వేలెడంత సాఫ్ట్ ప్లాస్టిక్ పురుగును నేల మీద ఊరికే ఉంచితే నోరు తెరుస్తుంది. కాన్సస్ రాష్ట్రంలో నెడ్ కేడీ అనే పెద్దాయన పేరు మీద నెడ్ రిగ్ వచ్చింది. పుట్టగొడుగు గొడుగులాంటి చిన్న సీసం తల, దానికి పొట్టి ప్లాస్టిక్ ముక్క, అంతకంటే ఏమీ లేదు. గాలం పైన, గుండు కింద కట్టే డ్రాప్‌షాట్ జపాన్ వాళ్ల దగ్గర పదునెక్కి తర్వాత అమెరికా పోటీల్లోకి వెళ్లింది. పురుగును నడుము దగ్గర గుచ్చి రెండు చివరలూ ఊగేలా వదిలేది వాకీ రిగ్.

బాస్ మన వంశధారలో లేదు, మహేంద్రతనయలోనూ లేదు, ఎప్పటికీ రాకూడదనే నా కోరిక. జపాన్‌లో 1925లో ఆషీ సరస్సులో వదిలారు, 2005కి వచ్చేసరికి అక్కడి ప్రభుత్వమే దాన్ని హాని చేసే పరాయి చేపగా చట్టంలో చేర్చాల్సి వచ్చింది. చేప అక్కడే ఉండనీ, పద్ధతి మాత్రం మనకు తెచ్చుకోవచ్చు. ఎందుకంటే మా ఏరు కార్తీకం దాటాక తేటపడుతుంది, నీళ్లు పలచబడి మడుగులుగా మిగులుతాయి, వలలకు అలవాటుపడి చేప బెదురుతూ ఉంటుంది. ఇసుక నేల మీద దొందులు ఉంటాయి, రాళ్ల పక్కన జెల్లలు, నిలవ నీళ్లలో జిలేబీలు. ఇసుక దొందు అయితే అచ్చం బాస్ లాగే చేస్తుంది: కదలకుండా ఇసుకలో పడి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని ఒక్కసారి నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది, తేడా అనిపిస్తే వెంటనే ఉమ్మేస్తుంది.

ఆ లాగడానికీ ఉమ్మడానికీ మధ్య ఉన్న క్షణంలో మీ చేతికి కబురు రావాలి. ఫినెస్ రాడ్డుకు డబ్బు పెట్టేది ఇందుకే. చాలామంది ఇది చేపను ఆడించడానికి మెత్తగా ఉండాలనుకుంటారు, ఆడించడం తర్వాతి సంగతి. ముందు అది మీకు వినిపించాలి.

ఇప్పుడు నా మొదటి రాడ్డు సంగతి. ఐదడుగుల పది అంగుళాల అల్ట్రాలైట్, ఆన్‌లైన్‌లో తెప్పించాను. చేతిలో పట్టుకుంటే ఈనెపుల్లలా ఉండేది, ఊపితే పిడి దాకా వంగేది, చూసి మురిసిపోయాను. 2 గ్రాముల తల కూడా బాగానే వెళ్లేది. కాని దొందు లాగినప్పుడు రాడ్డు ఎత్తితే ఎత్తిన ఎత్తంతా ఆ వంపే మింగేసేది, గాలం దవడకు ఆనేది తప్ప దిగేది కాదు. నాలుగు సెకన్లు బరువు తెలుస్తుంది, తర్వాత ఖాళీ. తప్పు చేపదే అనుకున్నాను, గాలం మొద్దుబారిందనుకుని గాలాలు మార్చాను, దారం మార్చాను. ఆ చలికాలం అలాగే గడిచిపోయింది.

విషయం తేల్చింది మా మావయ్య. కాశీనగరంలో ఉంటాడు, రీలు ముట్టుకోడు, వెదురు కర్రే. నా రాడ్డు తీసుకుని కొసను నేలకు ఆనించి మెల్లగా నొక్కాడు. మొత్తం విల్లులా వంగింది. తన కర్ర తెచ్చి అలాగే నొక్కాడు. పైన మూరెడు మాత్రం వంగింది, కింద కదల్లేదు. ‘సూసావేట్రా, కబురు కొసకి రావాల, పని నడుము సెయ్యాల. నీదానికి నడుమే నేదు’ అన్నాడు. ఆయన కర్ర తయారు చేసుకునే తీరు కూడా చెప్పాలి. కణుపుల మధ్య దూరం తక్కువగా ఉన్న సన్న వెదురు ఎంచుకుంటాడు, నీడలో ఆరబెడతాడు, వంకర ఉన్న చోట నిప్పు సెగ చూపించి మోకాలికి ఆనించి సరిచేస్తాడు, కొసను కత్తితో గీకడు. గీకితే పైనున్న గట్టి పొర పోతుంది, కొస మెత్తబడదు, చచ్చుబడుతుంది అంటాడు. తర్వాత కార్బన్ రాడ్ల గురించి ఎంత చదివినా నాకు అసలు పాఠం అక్కడే దొరికింది.

రాడ్డు మీద రెండు మాటలు రాసి ఉంటాయి: పవర్, యాక్షన్. రెండూ ఒకటే అనుకుని కొనేవాళ్లే ఎక్కువ. పవర్ అంటే వంచడానికి ఎంత బరువు కావాలి అనేది. అల్ట్రాలైట్, లైట్, మీడియం లైట్, మీడియం అలా పైకి పోతుంది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుంది అనేది. ఫాస్ట్ అంటే పైన మూడో వంతులోపే వంపు, ఎక్స్‌ట్రా ఫాస్ట్ అంటే కొస ఒక్కటే, మోడరేట్ అంటే నడుము దాకా, స్లో అంటే పిడి దాకా. కాబట్టి మెత్తని రాడ్డు అన్న మాటకు అర్థమే లేదు. మెత్తదనం ఎక్కడుందో చెప్పాలి. ఫినెస్‌కు కావలసింది మీడియం లైట్ పవర్, ఫాస్ట్ యాక్షన్. ఒక్క రాడ్డే కొనగలిగితే కళ్లు మూసుకుని ఇదే తీసుకోండి. ఎక్స్‌ట్రా ఫాస్ట్ డ్రాప్‌షాట్‌కు బాగుంటుంది గాని, చెయ్యి అలవాటు లేనివాళ్లు గట్టిగా కొడితే సన్న దారం పుటుక్కున తెగుతుంది.

దీనికి కారణం గాలంలోనే ఉంది. ఫినెస్‌లో గాలం సన్నని తీగతో చేస్తారు, మొన బయటే ఉంటుంది, ప్లాస్టిక్‌లో దాచం. అలాంటి గాలం దిగడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు, దారంలో వదులు చుట్టేసి, రాడ్డును పక్కకు ఒక సాగులాగు లాగితే చాలు. కాని ఆ సాగులాగు చివర్లో ఏదో ఒక గట్టి చోటు ఆనాలి, ఆ గట్టి చోటు నడుము. నాచులో వేయడానికి మొనను ప్లాస్టిక్ లోపల దాచే ఆఫ్‌సెట్ గాలం వాడితే లెక్క మారిపోతుంది, అప్పుడు ప్లాస్టిక్‌ను చీల్చుకుని లావు తీగ దిగాలి, దానికి మీడియం పైనే కావాలి. క్రాంక్‌బైట్ల వంటి, మూడుకొక్కేల గాలాలు వేలాడే గట్టి లూర్లకు సరిగ్గా దీనికి ఎదురు, నడుము దాకా వంగే రాడ్డే మేలు, లేకపోతే చిన్న కొక్కెం చేప నోటిని చీల్చుకుని ఊడిపోతుంది. నేనైతే గాలం చూపించమని అడిగాకే రాడ్డు గురించి మాట్లాడతాను.

అంకెల దగ్గర జాగ్రత్త. ఒక కంపెనీ మీడియం లైట్ ఇంకో కంపెనీ లైట్‌తో సమానంగా ఉంటుంది, అందరికీ ఒకే కొలత లేదు. అందుకే అక్షరాలు వదిలేసి పిడి పైన రాసిన లూరు బరువు చదవండి. అమెరికా రాడ్ల మీద ఔన్సుల్లో ఉంటుంది. ఒక ఔన్సు 28 గ్రాములు అనుకుంటే 16వ వంతు ఔన్సు 2 గ్రాములకు కాస్త తక్కువ, నాలుగో వంతు 7 గ్రాములు, ఎనిమిదింట మూడు వంతులు పదిన్నర. జపాన్ రాడ్ల పేరులోనే సమాచారం ఉంటుంది, ఎస్ 66 ఎంఎల్ అంటే స్పిన్నింగ్ (రాడ్డు కింద వేలాడే రీలుకు సరిపోయేది), 6 అడుగుల 6 అంగుళాలు, మీడియం లైట్. మనకు 2 నుంచి 10 గ్రాముల మధ్య రాసి ఉన్నది సరిపోతుంది, అందులోనూ నడిమి అంకె చుట్టూనే రాడ్డు బాగా పనిచేస్తుంది. పైగా ఆ బరువు సీసం తల ఒక్కదానిది కాదు, ప్లాస్టిక్ పురుగుతో కలిపి. రెండున్నర గ్రాముల తలకు 3 గ్రాముల పురుగు గుచ్చితే ఐదున్నర. ఇది మర్చిపోయి రాడ్డు బరువెక్కువ అవుతోందని అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

పొడవు విషయంలో నాకు పెద్ద పట్టుదల లేదు. 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల దాకా ఏదైనా సరే. పడవ మీద నిలబడి నేరుగా కిందికి వేసేవాళ్లకు పొట్టిది చాలు. మనం ఒడ్డునుంచి, ఒక్కోసారి మోకాటి లోతు నీళ్లలోంచి వేస్తాం కాబట్టి 7 అడుగులది దూరం ఇస్తుంది, దారంలో వదులు కూడా ఒక్క లాగుకు ఎక్కువ తీసుకుంటుంది. గట్టు మీద తుమ్మ చెట్లు ఉన్న చోట మాత్రం అదే అడ్డం.

ఇక ఆ కబురు. ఇది మాటల్లో పెట్టడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. పుష్యమాసం పొద్దున, మంచు ఇంకా ఏటి మీద తేలుతోంది, 2 గ్రాముల నెడ్ తలను మడుగు అంచున వేసి దిగేదాకా ఆగాను. దారం చూపుడు వేలి మీద ఆనించి ఉంచాను. రాడ్డును జానెడు పక్కకు జరిపితే తల ఇసుక మీద పాకుతుంది, అప్పుడు పిడిలో సన్నగా సరసరమని ఒక గరుకు తెలుస్తుంది, బియ్యం చేటలో వేలు రాసినట్టు. గులకరాయి తగిలితే టక్కుమని పొడిగా ఒక్కటి. నాచు అయితే చప్పుడు ఉండదు, బరువు మెల్లగా పెరిగి సాగుతుంది, వదిలితే వెనక్కి లాగదు. దొందు అయితే ముందు ఆ గరుకు ఆగిపోతుంది. అంతే, ఏదీ లాగదు, ఏమీ తగలదు, ఉన్న సవ్వడి పోతుంది, ఎందుకంటే తల ఇప్పుడు నేల మీద లేదు, చేప నోట్లో ఉంది. ఆ తర్వాత ఒక చిన్న టిక్. నా పాత రాడ్డులో ఆ టిక్ వచ్చినా అప్పటికే ఆలస్యం, ముందు వచ్చే నిశ్శబ్దం అసలు తెలిసేదే కాదు. కొత్త రాడ్డుతో ఆ నిశ్శబ్దానికే లాగడం నేర్చుకున్నాను, ఆ పొద్దున పదకొండు దొందులు పట్టి ఒక్కటే పోగొట్టుకున్నాను.

ఆ సవ్వడి రావాలంటే కార్బన్ రాడ్డు కావాలి. ఫైబర్ గ్లాసు గట్టిది, దెబ్బలకు ఓర్చుకుంటుంది, పిల్లలకు ఇవ్వడానికి మంచిది, కాని ఫినెస్‌కు అది దుప్పటి కప్పుకుని వినడమే. అలాగని అన్నిటికంటే ఖరీదైన హై మాడ్యులస్ కార్బన్ కూడా వద్దంటాను. ఆ కార్బన్ బిగువు ఎక్కువ, గోడ పలచన, రాయికి ఒకసారి తగిలి గీత పడితే మరోనాడు మామూలు చేపకే విరుగుతుంది. మన ప్రయాణాలు ఆటోల్లో, రైళ్లలో. మధ్యరకం కార్బన్ చాలు. కొన్నిటికి కొసలో బోలు లేకుండా నిండు కార్బన్ ముక్క అతికిస్తారు, దాన్ని సాలిడ్ టిప్ అంటారు. చేపకు అనుమానం రాకుండా వంగుతుంది, కంటితో చూసి కాటు పట్టేవాళ్లకు బాగుంటుంది. నాకు మాత్రం చేతికి తెలిసే బోలు కొసే ఇష్టం.

దుకాణంలో చూసి కొనే వీలుంటే కొన్ని పనులు చేయండి. రీలు బిగించి రీలు కాడ ముందు ఒక వేలి మీద రాడ్డును నిలబెట్టి చూడండి, కొస కిందికి వాలిపోతే ఆ బరువంతా రోజంతా మీ మణికట్టు మోస్తుంది, రెండు గంటల తర్వాత చెయ్యి మొద్దుబారి ఏ కబురూ తెలియదు. రింగుల లోపల దూది తిప్పండి, పోగు పట్టుకుంటే అక్కడ పగులు ఉంది, సన్న దారాన్ని అది కోసేస్తుంది. కొస దగ్గర రింగులు చిన్నవిగా, తేలికగా ఉండాలి, మరీ చిన్నవైతే లీడర్ (అసలు దారం చివర కట్టే వేరే దారం ముక్క) ముడి దాటదు. చిన్న నీళ్ల సీసాలో సగం నీళ్లు ఉంచి దారానికి కట్టి ఎత్తి చూడండి, వంపు ఎక్కడ ఆగుతుందో కంటికే కనబడుతుంది. ఆన్‌లైన్‌లో అయితే ఇవేవీ కుదరవు, వచ్చాక వెంటనే చేసి తేడా ఉంటే వెనక్కి పంపండి, మొహమాటం వద్దు.

ఒక్క ముక్క రాడ్డు సున్నితంలో ఒక పిసరు ఎక్కువ అని చెబుతారు. నిజమే కావచ్చు. కాని గుణుపురం రైల్లో 7 అడుగుల కర్రను ఎక్కడ పెడతారు? నేను రెండు ముక్కలదే వాడతాను. అతుకు దగ్గర మాత్రం చూడాలి, బిగించి కుదిపితే టకటకమనకూడదు. ఇసుక రేణువు పడితే అతుకు అరిగిపోతుంది, ప్రతిసారీ బట్టతో తుడిచే కలపండి.

రీలు 2000 లేక 2500 సైజు స్పిన్నింగ్. దారం విషయంలో మన పాత తంగూసు ఈ పనికి రాదు, బాగా సాగుతుంది, సాగితే సవ్వడి చచ్చిపోతుంది. పీఈ 0.8 (దారం లావు చెప్పే అంకె) అల్లిక దారం వేసి ముందర ఓ రెండు మీటర్లు 6 లేక 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ కట్టండి. డ్రాగ్, అంటే చేప లాగితే రీలు దారం వదిలే బిగువు, ఆ లీడర్ బలంలో మూడో వంతు దగ్గర ఉంచితే చాలు, 6 పౌండ్లకు దాదాపు 900 గ్రాములు, తక్కెడ కొక్కేనికి కట్టి లాగి చూసుకోవచ్చు.

ఈ రాడ్డు తీసుకెళ్లి తూటుకాడ మధ్యలో కొర్రమీను మీద వేయకండి. అది తీగల్లోకి దూరితే మీడియం లైట్‌తో వెనక్కి తేలేరు, గాలం నోట్లో పెట్టుకుని ఆ చేప ఊరికే బాధపడుతుంది. వాలుగకూ అంతే, మన వాలుగను ఇక్కడి ఒడియావాళ్లు బాలియా అంటారు, దాని పళ్లకు 8 పౌండ్ల లీడర్ ఒక లెక్క కాదు. వాటికి వేరే రాడ్డు, వేరే పోస్టు.

ఇంకొకటి, ఇది నవ్వుతూ వదిలేసేది కాదు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఏటి గట్టున పొలాల మోటార్లకు వేసిన కరెంటు తీగలు ఒక్కోచోట బాగా కిందికి వేలాడుతుంటాయి, 7 అడుగుల రాడ్డు ఎత్తితే మీ చెయ్యితో కలిపి ఎంత ఎత్తు వెళ్తుందో లెక్కేసుకోండి. వైశాఖంలో మధ్యాహ్నం దాటాక కొండల మీద మబ్బు కమ్మి ఉరిమితే రాడ్డు కింద పడేసి వచ్చేయండి, చేప ఉన్నా సరే. వెదురు రోజుల అలవాటుతో చివరిదాకా నిలబడే పెద్దవాళ్లకు కూడా ఇది చెప్పండి.

చేపను దగ్గరికి తెచ్చాక రాడ్డును నిలువుగా ఎత్తి నెత్తిమీదుగా వెనక్కి వంచడం మానండి. నేను చూసిన విరుగుళ్లలో సగం ఒడ్డు దగ్గర ఇలా జరిగినవే. కొస మీదే మొత్తం బరువు పడుతుంది, అది అంత బరువుకు చేసింది కాదు. రెండడుగులు వెనక్కి నడవండి, చేప దానంతట అదే వస్తుంది.

తమ్ముడు ఆర్డర్ ఆపాడు. ఆదివారం పాతపట్నంలో రైలెక్కుతానన్నాడు, నేను పర్లాకిమిడిలో ఎక్కుతాను, కాశీనగరంలో ఇద్దరం దిగుతాం. నా పాత అల్ట్రాలైట్, ఇప్పటి మీడియం లైట్ రెండూ తెస్తున్నాను. ఒకే తల, ఒకే పురుగు, ఒకే మడుగు. ముందు పాతదానితో వేయమంటాను, ఆ తర్వాత కొత్తదానితో. మావయ్య కూడా తన కర్ర పట్టుకుని వస్తానన్నాడు.